చెక్క మంచిదే, స్క్రూలే నమ్మకూడదు: ట్రెల్లిస్ కిట్ ఏడాది వాడాక

తీగ మొక్కలు పాకించడానికి, ఇంట్లోనే బిగించుకునే చెక్క ట్రెల్లిస్ (బద్దలతో చేసిన గళ్ల చట్రం) కిట్ తెప్పించుకుని ఏడాది దాటింది. బిగించిన రోజు ఏ ట్రెల్లిస్ అయినా అందంగానే ఉంటుంది కదా, తీగ నిండా అల్లుకుని వానకి తడిసి బరువెక్కి, దాని మీద గాలి కొట్టినప్పుడు ఎలా నిలబడుతుందో చూశాకే రాద్దామని ఇన్నాళ్లూ ఆగాను.

చెక్క విషయంలో వంక పెట్టడానికేమీ లేదు. బద్దల్లో వంకర లేదు, ముడులు తక్కువ, అంచులు నున్నగా తీసి పంపారు కాబట్టి పేళ్లు గుచ్చుకోలేదు. గళ్లు 15 సెంటీమీటర్లు ఉండటం నాకు బాగా నచ్చింది, ఎండిపోయిన కొమ్మలు కత్తిరించేటప్పుడు చెయ్యి సులువుగా లోపలికి వెళ్తుంది.

ఇబ్బందంతా స్క్రూలతోనే. బద్ద చివరికి దగ్గరగా పడాల్సిన స్క్రూలకి ముందుగా బెజ్జాలు వేసి పంపలేదు, వేసుకోమని కిట్‌తో వచ్చిన కాగితంలో కూడా రాయలేదు. మొదటిది తిప్పుతుండగానే టప్‌మని శబ్దం వచ్చి బద్ద నిలువునా చీలింది, రెండోదీ అంతే. అప్పుడు ఆపేసి, స్క్రూ కంటే కాస్త సన్నటి డ్రిల్ బిట్‌తో బెజ్జం వేసి బిగిస్తే ఇక ఒక్కటి కూడా చీలలేదు. చీలిన వాటికి బదులు కొత్త బద్దలు అడిగితే మాత్రం మారుమాట లేకుండా పంపించారు.

అన్నిటినీ ఒకేసారి గట్టిగా బిగించకండి. నాది 180 బై 90 సెంటీమీటర్ల ఫ్రేమ్, ఎదురెదురు మూలల మధ్య టేపుతో కొలిస్తే ఒకవైపు 200, రెండోవైపు 202.5 వచ్చింది, అంటే ఫ్రేమ్ ఒక పక్కకి వాలిందన్నమాట. పొడవున్న వైపు మూలల్ని లోపలికి నెట్టి, రెండూ 201 దగ్గర కలిశాకే పూర్తిగా బిగించాను.

నాలుగు నెలలు తిరక్కముందే స్క్రూ తలల కింద తుప్పు చారలు మొదలయ్యాయి. విప్పబోతే ఒకదాని తల తెగి చేతిలోకి వచ్చేసింది. బయట ఎండావానల్లో ఉండే వస్తువుకి మామూలు ఇనుప స్క్రూలు ఇవ్వడం నిజంగా తప్పు. స్టెయిన్‌లెస్ స్టీలువి కొని మార్చుకున్నాను, మీరు మొదటి రోజే వాటితో బిగించండి, తీగ అల్లుకున్నాక విప్పడం చాలా కష్టం.

కాగితంలో గుంజల్ని నేరుగా మట్టిలో పాతమన్నారు, ఇది అస్సలు చేయొద్దు. నేల మట్టానికి తడి, గాలి రెండూ తగులుతాయి కాబట్టి చెక్క కుళ్లడం అక్కడే మొదలవుతుంది, చెదలు ఎక్కేదీ అక్కడి నుంచే. నేను ఇనుప కాళ్లు పాతి, గుంజ నేలకి తగలకుండా వాటి మీద నిలబెట్టాను. కోసిన చివర్లు నీళ్లు ఎక్కువ పీలుస్తాయి, కానీ వాళ్లు వాటికి పూత వేయలేదు, అందుకని బిగించకముందే అన్ని చివర్లకీ రెండు పూతలు నేనే వేసుకున్నాను.

గోడకీ ట్రెల్లిస్‌కీ మధ్య పెట్టమని ఇచ్చిన ముక్కలు 2 సెంటీమీటర్లే, ఆ సందులో తీగ వెనక నుంచి తిరగలేదు, గాలీ ఆడదు. 5 సెంటీమీటర్ల చెక్క దిమ్మలు కోసి పెట్టాక శంఖుపువ్వు చక్కగా చుట్టుకుంది.

ఏ తీగకైనా పనికొస్తుందని కిట్ వాళ్లు చెప్పే మాట మాత్రం పట్టించుకోకండి. శంఖుపువ్వు కాడతోనే చుట్టుకుంటుంది కాబట్టి దానికి సరిపోయింది. కాకర తీగ పట్టుకునేది సన్నటి నులితీగలతో, వాటికి 3 సెంటీమీటర్ల వెడల్పు బద్ద అందదు, పట్టు దొరక్క జారిపోతుంటే చూసి గళ్ల మధ్య పురికొస కట్టాను, మర్నాటికల్లా దాన్ని పట్టేసుకుంది. బోగన్‌విల్లా అయితే తనంతట తాను దేన్నీ చుట్టుకోదు, ఒక్కో కొమ్మనీ బద్దకి 8 అంకె ఆకారంలో వదులుగా కట్టుకుంటూ వెళ్లాల్సిందే.

చెక్క కోసం కొనొచ్చు, కానీ స్క్రూలు, ఇనుప కాళ్లు, పూత ఖర్చు కూడా ధరలో కలిపి చూసుకోండి. ఐదుకి మూడు ఇస్తాను. పై బద్ద మూలలో పాత స్క్రూ ఒకటి ఇంకా ఉండిపోయింది, శంఖుపువ్వు దాన్ని పూర్తిగా కప్పేసింది, ఈసారి తీగ కత్తిరించినప్పుడు మార్చేస్తాను.