తప్పటడుగుల వయసుకు ఏది మేలు: ఉత్త కాళ్లా, బూట్లా, చెప్పులా?

చెప్పులు ఏ బిడ్డకూ నడక నేర్పవు. కింద నేల మీద ఉన్నవాటి నుంచి పాదాన్ని కాపాడటం వరకే వాటి పని. ఈ మాట గుర్తుంటే వరంగల్ చౌరస్తాలో చెప్పుల దుకాణం ముందు నిలబడ్డప్పుడు సగం టెన్షన్ పోతుంది. బిడ్డ ఎక్కడ నడుస్తుందో ముందు చూసుకోవాలి, ఏం తొడగాలన్నది ఆ తర్వాత.

ఇంట్లో అయితే ఉత్త కాళ్లే మేలు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. బండల మీద, టైల్స్ మీద నిలబడ్డ పసిబిడ్డ కాలివేళ్లు చూడండి, నేలను పట్టుకోవడానికి ఎలా ముడుచుకుంటాయో, ఎలా విచ్చుకుంటాయో. నేల చల్లగా ఉందా, జారుతుందా, వాలుగా ఉందా అన్నది అరికాలికి తెలిస్తేనే ఒళ్లు బరువు సర్దుకుంటుంది. మందపాటి అట్ట ఉన్న చెప్పు వేస్తే ఆ కబురు అందదు. పిల్లల వైద్యులు కూడా ఇంట్లో చెప్పులు అక్కర్లేదనే చెబుతారు.

"బూట్లు తొడగకపోతే పాదం చదునుగా ఉండిపోతుంది" అని ఎవరో ఒకరు భయపెడతారు. పసిపిల్లల పాదం చదునుగానే ఉంటుంది, అరికాలి వంపు ఉండాల్సిన చోట కొవ్వు నిండి ఉంటుంది. వంపు మెల్లగా ఐదారేళ్లకు తేలుతుంది, కొందరికి ఇంకా ఆలస్యమవుతుంది. పైగా మన దేశంలోనే 2300 మంది పిల్లల పాదముద్రలు తీసి చూసిన ఒక అధ్యయనం 1992లో అచ్చయింది. చెప్పులు, బూట్లు తొడిగే పిల్లల్లో 8.6 శాతం మందికి చదును పాదాలుంటే, ఉత్త కాళ్లతో తిరిగేవాళ్లలో 2.8 శాతం మందికే ఉన్నాయి. వేళ్లను పూర్తిగా మూసే బూట్లు వేసుకునేవాళ్లలోనే ఇది ఎక్కువగా కనిపించింది. ఆ పిల్లలు నాలుగేళ్ల నుంచి పదమూడేళ్ల వాళ్లు, తప్పటడుగుల వయసు వాళ్లు కాదు. అయినా బూటు వేస్తేనే పాదం బాగుపడుతుందన్న నమ్మకానికి ఆధారం లేదని చెప్పడానికి అది చాలు.

గడప దాటితే లెక్క మారుతుంది. మేలో ఇక్కడ ఎండ 43, 44 డిగ్రీలకు చేరే రోజులుంటాయి. మిట్టమధ్యాహ్నం డాబా మీద, గుడి ముందు రాతిబండల మీద పెద్దవాళ్లే గెంతుతూ నడుస్తారు, పసివాళ్ల తోలు ఇంకా పలుచన. భద్రకాళి గుడికో వేయి స్తంభాల గుడికో ఎండవేళ వెళ్తే బిడ్డను దింపకుండా ఎత్తుకోవడమే మంచిది. ఊళ్లో తుమ్మ ముళ్లు, పల్లేరు కాయలు ఎలాగూ ఉంటాయి. మిర్చి ఆరబోసే రోజుల్లో కల్లం దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. ఆ కారం అరికాలికి అంటుతుంది, బిడ్డ కాలు పట్టుకున్న చేత్తోనే కళ్లు నలుపుకుంటుంది. వానాకాలం తడిమట్టిలో, ముఖ్యంగా ఆరుబయట మలవిసర్జన జరిగే చోట, కొంకి పురుగు పిల్లలు అరికాలి తోలు గుండానే ఒంట్లోకి వెళ్తాయి, రక్తం తగ్గిపోతుంది. ఏడాది దాటిన పిల్లలకు అంగన్‌వాడీలో ఇచ్చే నులిపురుగుల మాత్ర తప్పక వేయించండి. కానీ బయట కాలికి ఏదో ఒకటి ఉండాల్సిందే.

మరి ఏది? చీలమండ దాకా కట్టేసే గట్టి బూట్లు చూడటానికి ముద్దుగా ఉంటాయి, పుట్టినరోజుకు అవే కానుకగా వస్తాయి. అట్ట వంగదు, బరువెక్కువ, మన ఎండలకు లోపల చెమట పట్టి కాలు ఒరుస్తుంది. ఫొటోకు తొడిగి వెంటనే తీసేయడం తప్ప వాటితో పని లేదు.

పీక్ పీక్ మనే చెప్పులంటే పిల్లలకు ప్రాణం, వాళ్ల సంతోషాన్ని కాదనలేం. కానీ ఆ చప్పుడు కోసం మడమను నేలకేసి కొడుతూ నడుస్తారు. అట్టలో ఉండే బుల్లి పీక ఊడొస్తే నోట్లో పెట్టుకుంటారు, గొంతుకు అడ్డం పడే సైజు అది. నేనైతే కొనను. రబ్బరు క్లాగ్స్ (ముందు మూసి, పైన చిల్లులుండే మెత్తటి చెప్పులు) కడగడానికి సులువే గానీ మడమ దగ్గర వదులుగా ఉంటాయి, బిడ్డ వేళ్లతో బిగబట్టి ఈడ్చుకుంటూ నడుస్తుంది. మాల్‌లో ఎస్కలేటర్ మీద ఆ మెత్తటి రబ్బరు ఇరుక్కునే ప్రమాదం కూడా ఉంది. ఉత్త సాక్సులు టైల్స్ మీద జారతాయి, చలికాలం వేయాలనుకుంటే అడుగున రబ్బరు చుక్కలున్నవి చూడండి.

బయటికి నా ఓటు వెల్క్రో పట్టీల చెప్పులకే. మడమ వెనక పట్టీ ఉండాలి, వేళ్ల ముందు వెడల్పుగా ఉండాలి. దుకాణంలోనే చేతిలోకి తీసుకుని వంచి చూడండి. వేళ్లు వంగే చోట సులువుగా వంగాలి, నడిమధ్య మడత పడేది వద్దు. అడుగున గరుకు ఉండాలి, చేతికి బరువు తగలకూడదు. పెద్ద కంపెనీదే కావాలని లేదు, ఇవన్నీ ఉంటే మామూలు దుకాణంలోది చాలు. వానాకాలానికి తోలువి పనికిరావు, కడిగితే త్వరగా ఆరేవి తీసుకోండి.

అన్నిటికంటే ఎక్కువ పొరపాటు జరిగేది సైజు దగ్గరే. పెరిగే కాలు కదా అని రెండు సైజులు పెద్దవి కొంటాం, బిడ్డ తట్టుకుని పడుతుంది. సాయంత్రం పూట కాగితం మీద బిడ్డను నిలబెట్టి రెండు పాదాల చుట్టూ గీత గీయండి. పొడుగున్న పాదం కొలతకు ఇంకో సెంటీమీటరు కలిపితే సరిపోతుంది. చెప్పు ముందు భాగం నొక్కి చూస్తే పిల్లలు వేళ్లు ముడిచేస్తారు, సరిగ్గా తెలియదు. ఈ వయసులో పాదం గబగబా పెరుగుతుంది, రెండు మూడు నెలలకోసారి మళ్లీ కొలవండి. అందుకే ఖరీదైన జత కన్నా తక్కువ ధరలో సరైన కొలత ఉన్నది మేలు. అక్క పిల్లలవో అన్న పిల్లలవో పాతవి వస్తే, అట్ట ఒకవైపు అరిగిందేమో తిప్పి చూసి, అలా ఉంటే పక్కన పెట్టండి.

ఏడాదిన్నర నిండాక కూడా సొంతంగా నడవకపోయినా, ఒక కాలు ఈడుస్తున్నా, ఎప్పుడూ మునివేళ్ల మీదే నడుస్తున్నా దుకాణానికి బదులు పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.