మహిళలు, శాంతి, భద్రత: ఈ ఆన్‌లైన్ కోర్సు ఎలా ఉందంటే

22 ఏళ్లు పోలీసు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. అందులో చాలా ఏళ్లు రిసెప్షన్ కౌంటర్ దగ్గరే గడిచాయి. ‘ఆడవాళ్లకి అదే సేఫ్’ అనేవారు. అందుకే శాంతిభద్రతల్లో మహిళల పాత్ర పెంచడానికి ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయో చెప్పే ఉచిత కోర్సు కనబడగానే చేరిపోయాను. ఆరు పాఠాలు. రాత్రిపూట గంట చొప్పున మూడు వారాలు పట్టింది.

మొదటి పాఠం 2000 అక్టోబర్ 31న ఐరాస భద్రతా మండలి ఆమోదించిన 1325వ తీర్మానం మీద. యుద్ధంలో ఆడవాళ్లను కాపాడితే చాలదు, శాంతి చర్చల్లో వాళ్లూ కూర్చోవాలి అన్నది దాని సారం. ఇంత చిన్న మాటను ముప్పావు గంట సాగదీశారు.

మూడో పాఠం పశ్చిమ ఆఫ్రికా దేశం లైబీరియా మీద. దీనికోసమైనా ఈ కోర్సు చేయాలి. 2003లో అక్కడి అంతర్యుద్ధం ఆపడానికి ఘనా రాజధాని అక్రాలో జరిగిన శాంతి చర్చలు ఎటూ తేలకపోతే, లైబీరియా శాంతి ఉద్యమకారిణి లేమా బోవీ వెంట వచ్చిన మహిళలు హాలు గుమ్మానికి అడ్డంగా కూర్చుని నాయకులను బయటికి పోనివ్వలేదు. ఆగస్టులో ఒప్పందం కుదిరింది. 2007లో అదే దేశానికి మన సీఆర్‌పీఎఫ్ మహిళల దళం వెళ్లింది. ఐరాస శాంతి దళాల్లో పూర్తిగా మహిళలతో ఏర్పడిన మొదటి పోలీసు యూనిట్ అది. వాళ్లు గస్తీ తిరుగుతున్న ఫొటో దగ్గర వీడియో ఆపేసి చాలాసేపు చూశాను. నేను అడిగీ అడిగీ మానుకున్న డ్యూటీ అది.

నచ్చనిది ఐదో పాఠం. 1325వ తీర్మానం అమలుకు డెన్మార్క్ 2005లో మొదటి జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చిందనీ, ఇప్పుడు వందకు పైగా దేశాలకు అలాంటివి ఉన్నాయనీ చెప్పి, పాఠం చెప్పే మేడమ్ సంతోషపడ్డారు. వాటిలో చాలావాటికి విడిగా బడ్జెట్టే లేదన్న సంగతి అర నిమిషంలో దాటేశారు. నాకు అక్కడే కోపం వచ్చింది. కాగితం మీద మహిళా సిబ్బంది అని రాసి, స్టేషన్లో యూనిఫాం మార్చుకోవడానికి గది కూడా ఇవ్వకపోతే ఎలా ఉంటుందో నేను అనుభవించాను. గది కట్టాలన్నా, కొలతకు సరిపోయే బుల్లెట్ ప్రూఫ్ జాకెట్ కొనాలన్నా డబ్బు కావాలి కదా! దాని మీద ఒక పూర్తి పాఠం పెట్టాల్సింది. చివరి పరీక్షలోనూ తీర్మానాల నంబర్లే అడిగారు.

అయినా అయిదుకి నాలుగు ఇస్తాను. ఈమధ్యే ఎస్సైగా సెలెక్టయిన మా అక్క కూతురికి లింకు పంపి, మూడో పాఠంతో మొదలుపెట్టమని చెప్పాను.