రేణిగుంట వెలుగులో ఎక్స్‌ప్లేన్ 12: విమానాలకు రంగులు వేసుకునేవాడి సమీక్ష

విమాన సిమ్యులేటర్‌ను సమీక్షించేవారు సాధారణంగా అది ఎంత సహజంగా ఎగురుతుందో చూస్తారు. నేను ఆ జోలికి పోవడం లేదు. రెండేళ్లుగా ఎక్స్‌ప్లేన్ 12 అనే ఈ సిమ్యులేటర్ నా కంప్యూటర్‌లో ఉన్నా, అందులో గాలిలో గడిపిన సమయం కన్నా రేణిగుంట విమానాశ్రయంలో విమానాన్ని నిలిపి, దాని చుట్టూ కెమెరాను తిప్పుతూ గడిపిన సమయమే ఎక్కువ. విమానానికి నాకు నచ్చిన రంగులు వేసుకోవడం, దాన్ని మన ఊరి ఎండలో నిలబెట్టి, చూసినవారు నిజమైన ఫోటో అనుకునేంతగా స్క్రీన్‌షాట్ తీయడం, నాకు కావలసినవి ఈ రెండే. ఈ రెండు పనులకు ఈ సాఫ్ట్‌వేర్ ఎంతవరకు అక్కరకు వస్తుందో చెప్పడం వరకే ఈ సమీక్ష.

ముందుగా వెలుగు సంగతి చెప్పాలి, ఎందుకంటే దీన్ని కొనడానికి నాకున్న ఏకైక కారణం అదే. లామినార్ రీసెర్చ్ సంస్థ 2022 చివర్లో విడుదల చేసిన ఈ పన్నెండవ రూపంలో సూర్యుడు, ఆకాశం, రన్‌వే దీపాలు, విమానం దీపాలు అన్నీ ఒకే కొలమానంలో లెక్కకు వస్తాయి. ఆ లెక్కకు తగ్గట్టు, కెమెరాలో జరిగినట్టే, చిత్రం ఎంత వెలుగును తీసుకోవాలో సిమ్యులేటర్ నిర్ణయిస్తుంది. అందువల్ల సాయంత్రం ఆరు గంటలకు దీపాలు వెలవెలబోతూ కనిపించి, చీకటి పడుతున్నకొద్దీ క్రమంగా పుంజుకుంటాయి. మిట్టమధ్యాహ్నం విమానం పొట్ట పూర్తిగా నల్లబడకుండా, కింది కాంక్రీటు నుంచి ఎగసే వెలుగుతో కొద్దిగా తేటపడుతుంది. చిత్రం నిజమనిపించేది రెక్కల మీది రంగుల వల్ల కన్నా ఈ పొట్ట కింది నీడ వల్లనేనని నా నమ్మకం.

తేదీని, సమయాన్ని మార్చుకునే వీలుంది కాబట్టి సూర్యుడి దారిని కూడా వాడుకోవచ్చు. రేణిగుంట రన్‌వే పేరు 08/26, అంటే అది దాదాపు తూర్పు పడమరలుగా ఉంటుంది. ఇక్కడి అక్షాంశం సుమారు 13.6 డిగ్రీలు కనుక ఏప్రిల్ చివరి వారంలోనూ ఆగస్టు మధ్యలోనూ మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. ఈ రెండింటి మధ్య కాలంలో ఉత్తరానికి ఒరుగుతాడు. శేషాచలం కొండలు విమానాశ్రయానికి పడమరగా, వాయవ్యంగా ఉంటాయి. కొండలు వెనక కనిపించేలా చిత్రం తీయాలంటే కెమెరాను రన్‌వేకు ఆగ్నేయంగా పెట్టుకోవాలి. అలా పెడితే జూన్ ఉదయం విమానం మనవైపు పక్క నీడలో పడుతుంది. డిసెంబరు ఉదయం అదే పక్క పసిడి ఎండలో మెరుస్తుంది. సంగతి తెలియక మొదటి వేసవి అంతా చీకటి పక్కనే చిత్రాలు తీసి, తప్పు గ్రాఫిక్స్ కార్డుదని అనుకున్నాను. ఇప్పుడు సిమ్యులేటర్‌లో నా క్యాలెండర్ ఎప్పుడూ ధనుర్మాసంలోనే ఉంటుంది.

నేల విషయానికి వస్తే ఇంత మెచ్చుకోలు సాధ్యం కాదు. ఎక్స్‌ప్లేన్ తనతో ఇచ్చే నేల ఉపగ్రహ చిత్రం కాదు. ఇక్కడ పొలం, ఇక్కడ అడవి, ఇక్కడ ఊరు అన్న సమాచారాన్ని బట్టి సిద్ధంగా ఉన్న నేల బొమ్మలను పరుస్తుంది. కొండల ఎత్తుపల్లాలు మాత్రం వాస్తవ కొలతల నుంచి వచ్చినవే కావడంతో తిరుపతివాళ్లెవరైనా ఆ కొండల వరుసను చూడగానే గుర్తుపడతారు. రంగు మాత్రం మనది కాదు. అలిపిరి నుంచి తలెత్తి చూస్తే కనిపించే ఎర్రటి రాతి గోడలు అందులో లేవు. ఏ దేశానికైనా సరిపోయే పచ్చదనం మాత్రమే ఉంది. ఇళ్ల కప్పులదీ అదే తీరు.

దీనికి విరుగుడు ఆర్థో4ఎక్స్‌పీ అనే ఉచిత ఉపకరణం. అది అక్షాంశ రేఖాంశాల్లో ఒక్కో డిగ్రీ గడిని తీసుకుని ఉపగ్రహ చిత్రాలతో కొత్త నేలను తయారుచేస్తుంది. మన అదృష్టం ఏమిటంటే 13 డిగ్రీల ఉత్తరం, 79 డిగ్రీల తూర్పుతో మొదలయ్యే ఒకే గడిలో రేణిగుంట, తిరుమల, చంద్రగిరి, శ్రీకాళహస్తి, పుత్తూరు, నగరి, కాణిపాకం, చిత్తూరు, తలకోన అన్నీ ఇమిడిపోతాయి. ఒక రాత్రి కంప్యూటర్‌ను వదిలేస్తే పాత ఉమ్మడి జిల్లాలో తూర్పు సగం చేతికి వస్తుంది; హార్స్‌లీ కొండలు కావాలనుకుంటే మాత్రం పక్క గడి కూడా చేసుకోవాలి. అయితే ఉపగ్రహ చిత్రంలో అది తీసిన వేళ పడిన నీడలు అలాగే అచ్చయి ఉంటాయి. సిమ్యులేటర్ సూర్యుడు ఒకవైపు, నేల మీది నీడలు మరోవైపు ఉంటే కంటికి ఏదో తేడా తెలుస్తుంది గానీ అదేమిటో చప్పున అంతుపట్టదు. అందుకే నేను కొండలను దూరంగా, పొగమంచులో కలిసిపోయేలా వెనక ఉంచుతాను. దగ్గరగా వెళ్లి తీయను. ఆలయం మీదుగా విమానాన్ని ఎగరేసిన చిత్రం కూడా ఇంతవరకు తీయలేదు. ఆనంద నిలయం మీదుగా విమానాలు పోకూడదన్న మాట ఈ ఊళ్లో పుట్టి పెరిగినవారికి చిన్నప్పటి నుంచీ వినికిడే, దాన్ని బొమ్మలో మాత్రం ఎందుకు దాటాలి?

ఇక రంగులు వేయడానికి ఇంత సులువైన ఏర్పాటును నేను మరోచోట చూడలేదు. ప్రతి విమానం ఫోల్డరులో లివరీస్ (విమానం రంగుల అలంకరణలు) అనే ఫోల్డరు ఉంటుంది. అందులో మనకు నచ్చిన పేరుతో ఒక ఫోల్డరు చేసి, దానిలో ఆబ్జెక్ట్స్ అనే మరో ఫోల్డరు పెట్టి, విమానం ఒంటికి చుట్టే మూల చిత్రం పేరుతోనే మనం మార్చిన చిత్రాన్ని ఉంచితే చాలు. మూలం చెక్కుచెదరకుండా ఉంటుంది, కొత్త రంగు జాబితాలో కనిపిస్తుంది. మనం మార్చని భాగాలకు పాత చిత్రాలనే వాడుకుంటుంది. దీనితో పోలిస్తే 2020 ఆగస్టులో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో నేల ఎంతో మేలైనది, బింగ్ పటాల ఉపగ్రహ చిత్రాలు దానికి పుట్టుకతోనే ఉన్నాయి. కానీ రంగు వేసేవాడు అక్కడ చిత్రాలను డీడీఎస్ అనే మరో రకం చిత్రపు ఫైలు రూపంలోకి మార్చి, విమానం వివరాల ఫైలు, ఫైళ్ల జాబితా చూపే మరో ఫైలు రాసి, ప్యాకేజీగా కట్టి కమ్యూనిటీ ఫోల్డరులో పెట్టాలి. బొమ్మలు వేయాలని కూర్చున్నవాడిని ముందుగా గుమాస్తాను చేసే పద్ధతి అది. నేల కోసమైతే దాన్నే కొనమంటాను, రంగుల కోసమైతే ఎక్స్‌ప్లేన్‌నే.

ఉదాహరణకు ఎక్స్‌ప్లేన్‌తో పాటే వచ్చే బోయింగ్ 737-800కు నేను వేసిన రంగుల గురించి చెప్పాలి. 2023 అక్టోబరు నుంచి ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానాల తోకలపై బాంధనీ, అజ్రక్ వంటి నేత, అద్దకపు డిజైన్లు కనిపించడం మొదలయ్యాక, మన శ్రీకాళహస్తి కలంకారీతో ఊహాజనితమైన ఒక విమానాన్ని అలంకరించాలనిపించింది. మొదటి ప్రయత్నంలో ఒంటికి తెల్లరంగు వేసి, తోకపై నెమళ్లను గీశాను. ఎండలో పెట్టగానే తెలుపు మండిపోయి, తలుపుల గీతలు, పలకల అతుకులు అన్నీ మాయమయ్యాయి. శుద్ధమైన తెలుపు సిమ్యులేటర్ వెలుగును తట్టుకోదు. రంగు విలువను శుద్ధమైన తెలుపుకుండే 255కు బదులు 225, 235 మధ్య ఉంచాలన్నది రంగులు వేసేవారంతా ఎప్పుడో ఒకప్పుడు నేర్చుకునే పాఠం. నాకు ఆ పాఠం కలంకారీ గుడ్డ నేర్పింది. కరక్కాయ రసంలో, గేదె పాలలో ముంచి ఆరబెట్టిన గుడ్డ తెల్లగా ఉండదు, మీగడ రంగుకు తిరుగుతుంది. ఇంట్లో ఉన్న దుప్పటాను పగటి వెలుగులో పరిచి, ఆ రంగునే విమానం ఒంటికి తీసుకున్నాను. నలుపు కూడా అంతే. ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో ఊరబెట్టి తీసే ఆ నలుపులో కాస్త గోధుమ ఛాయ ఉంటుంది కాబట్టి అచ్చమైన నలుపును వాడలేదు. విమానం ఒక్కసారిగా ఎండలో కుదురుకుంది.

కొలతల్లో మాత్రం కలంకారీ నన్ను ఏడిపించింది. 737-800 పొడవు 39.5 మీటర్లు. ఒక పక్క అంతా 4096 పిక్సెళ్ల వెడల్పులో పరిచారనుకుంటే ఒక పిక్సెల్‌కు దాదాపు ఒక సెంటీమీటరు వస్తుంది. కలం గీత మందం మిల్లీమీటర్లలో ఉంటుంది. అంటే నిజమైన కొలతలో గీస్తే గీతే ఉండదు. నెమలిని విమానానికి తగినట్టు పెంచి, లోపలి చుక్కలను, జాలరులను సగానికి తగ్గించుకోవాలి. 1971లో వచ్చిన ఎయిరిండియా మొదటి 747 కిటికీల చుట్టూ ఎర్రటి ఝరోఖా తోరణాలు గీసినవారు అన్ని కిటికీలకూ ఒకే సాదా ఆకారాన్ని ఎందుకు ఎంచుకున్నారో అప్పుడు నాకు అర్థమైంది. నిలువు తోకకు, దాని వెనక కదిలే చుక్కానికి చిత్రంలో వేర్వేరు చోట్లు ఉండడంతో నెమలి పింఛం ఆ కీలు దగ్గర అరచెయ్యంత పక్కకు జరిగింది. దాన్ని సరిచేయడానికే మూడు ఆదివారాలు పట్టాయి.

పనంతా గింప్ అనే బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లోనే చేశాను. అది ఉచితం, తెలుగు ఒత్తులను సరిగ్గా చూపిస్తుంది, అతుకుల గీతలను పై పొరలో ఉంచి కింది రంగులను ఎన్నిసార్లయినా మార్చుకోనిస్తుంది. పేరు రాయడానికి ధూర్జటి అనే ఉచిత ఫాంటును ఎంచుకున్నాను; కాళహస్తి అద్దకానికి కాళహస్తి కవి పేరున్న అక్షరాలే బాగుంటాయనిపించింది. కుడిపక్కను ఎడమపక్క నుంచి తిరగేసి నకలు చేసిన రోజున, రాసిన పేరు అద్దంలో చూసినట్టు తిరగబడి, ఏ భాషో తెలియకుండా పోయింది. బొమ్మలను తిరగేయవచ్చు, అక్షరాలను తిరగేయకూడదు. వాటిని విడి పొరలో ఉంచుకోవడం మేలు. రిజిస్ట్రేషన్‌కు మన దేశపు విమానాల గుర్తైన వీటీ తర్వాత మూడు అక్షరాలు వేసేటప్పుడు నిజంగా తిరుగుతున్న విమానానిది కాకుండా చూసుకుంటాను.

కొత్తగా రంగులు వేసేవారు తరచూ విడిచిపెట్టేది మురికి. ఇంజన్ల ముందు పెదవులకు, రెక్కల ముందంచులకు రంగు ఉండదు, అక్కడ ఒట్టి లోహం మెరవాలి. ఎక్స్‌ప్లేన్‌లో ఆ మెరుపు రంగు చిత్రంలో ఉండదు, నార్మల్ మ్యాప్ అనే వేరే చిత్రంలో ఉంటుంది. తోక చివర చిన్న ఇంజను పొగ గొట్టం చుట్టూ మసి, పొట్ట కింద వెనక్కి పారిన నూనె చారలు, చక్రాల గదుల దగ్గర దుమ్ము వేయాలి. ఇవన్నీ కంటికి తెలియనంత పలుచగా, పది శాతం గాఢత దాటకుండా వేస్తేనే నమ్మకం కుదురుతుంది. ఎక్కువైతే విమానం పాత లారీలా తయారవుతుంది.

చిత్రం తీయడానికి ఇచ్చిన సదుపాయాలు చాలినన్ని ఉన్నాయి. రీప్లేలో విమానాన్ని కావలసిన క్షణంలో ఆపి, కెమెరాను ఎటైనా తిప్పవచ్చు. ఒక్క సలహా చెబుతాను: దృష్టి కోణాన్ని ఉన్నదున్నట్టు వదిలేయకండి. వెడల్పు కోణంలో దగ్గర నుంచి తీస్తే ముక్కు ఉబ్బి, తోక చిక్కిపోతుంది. చూసిన మరుక్షణం ఇది ఆట బొమ్మ అని తెలిసిపోతుంది. కోణాన్ని ముప్పై డిగ్రీలకు దించి కెమెరాను దూరం జరిపితే పొడవాటి లెన్స్‌తో కంచె అవతలి నుంచి తీసినట్టు ఉంటుంది, వెనక కొండలు కూడా దగ్గరకు జరిగి విమానం పక్కన నిలబడతాయి.

ఆ నెమలి విమానాన్ని తిరుపతిలోనే ఒక ఫ్లెక్సీ, ఫోటో ప్రింటింగ్ దుకాణంలో పెద్ద కాగితంపై అచ్చు వేయించాను. తెర మీది కలంకారీ ఎరుపు అచ్చులో ఇటుక రంగుకు దిగింది, మీగడ రంగు పచ్చబడింది. తెర వెలుగుతో పుట్టే రంగులన్నీ సిరాకు అందవు గానీ ఇందులో కొంత నా అజాగ్రత్త కూడా ఉంది. ముందుగా చిన్న ముక్క అచ్చు వేయించి చూసుకోవలసింది. రెండోసారి ఎరుపును కాస్త పెంచి ఇచ్చాను, బాగానే వచ్చింది. దాన్ని చుట్టి ఇస్తూ ఆ దుకాణం కుర్రవాడు, "ఇది మన రేణిగుంటలో తీసిందే కదా సార్, లోపలికి కెమెరా ఎట్ల రానిచ్చినారు?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నతో మూడు ఆదివారాల కష్టం తీరిందని ఒప్పుకుంటాను.

కొనదలచినవారు ముందు ఉచిత డెమో దించుకుని చూడటం మంచిది. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. డెమోలో పరిమిత ప్రాంతం మాత్రమే ఉంటుంది కనుక రేణిగుంట కనిపించదు గానీ, మీ కంప్యూటర్ ఈ మబ్బులను, ఈ వెలుగును మోయగలదో లేదో తేలిపోతుంది. ఎగరడానికైతే తెర సాఫీగా కదలాలి. మనలాగా ఆపి చిత్రం తీసుకునేవారికి సెకనుకు పదిహేను ఫ్రేములు వచ్చినా సరిపోతుంది కాబట్టి పాత కంప్యూటర్ ఉన్నవారు కూడా వెనుకాడనక్కరలేదు. ఆర్థో గడులు మాత్రం గిగాబైట్ల కొద్దీ చోటు తింటాయి, విడిగా ఒక హార్డ్‌డిస్కు పెట్టుకోండి. గింప్‌లో పని చేస్తుండగా కరెంటు పోయే వేళలు మన వీధుల్లో అందరికీ తెలిసినవే, ప్రతి పొరకూ ఒకసారి సేవ్ చేసుకోండి.