పది వేసవులు కాచిన ఇల్లు

"హరిత భవనం కట్టుకుందామనుకుంటున్నాం, ఏమేం కొనాలి?" అని అడుగుతూ ఏటా నలుగురైదుగురు మా ఇంటికి వస్తారు. వాళ్లను కూర్చోబెట్టి నేను మొదట మాట్లాడేది కొనడం గురించి కాదు. 2016 ఫిబ్రవరిలో గృహప్రవేశం చేసిన ఈ ఇంట్లో పది వేసవులు గడిపాం. కొని తెచ్చి బిగించిన వాటిలో సగానికి పైగా ఎప్పుడో ఒకప్పుడు మరమ్మతుకు వచ్చాయి. స్థలంలో ముగ్గు పోసిన రోజు తీసుకున్న నిర్ణయాలు మాత్రం ఈ రోజుకీ పైసా అడగకుండా పనిచేస్తున్నాయి. ఏది ఎన్నాళ్లు నిలిచిందో, ఎక్కడ దెబ్బతిన్నామో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఇల్లు హైదరాబాద్ శివారులో ఉంది. 200 గజాల స్థలం, 1,100 చదరపు అడుగుల స్లాబు, ఒకే అంతస్తు. కట్టడానికి ముందు మా వారూ నేనూ నగరంలోని కొత్తగూడ దగ్గర ఉన్న గ్రీన్ బిజినెస్ సెంటర్ చూసి వచ్చాం. హరిత భవనాలకు ఇచ్చే లీడ్ గుర్తింపులో అన్నిటికన్నా పై స్థాయి ప్లాటినం. అమెరికా వెలుపల దాన్ని పొందిన మొదటి భవనం అది. 2004 జులైలో అబ్దుల్ కలాం ప్రారంభించారు. సౌర ఫలకాలు, గాలి గోపురాలు చూద్దామని వెళ్లిన నేను నడిమి ముంగిలి దగ్గర ఆగిపోయాను. చుట్టూ జాలీ గోడలు, ఎండ చిన్న చిన్న ముక్కలై లోపలికి వస్తోంది, మీదికి చూస్తే ఆకాశం. మా అమ్మమ్మ గారింటి మండువా గుర్తుకొచ్చింది. అక్కడా వేడిగాలి మండువాలోంచి పైకి పోయేది, వసారా నీడలో చల్లబడ్డ గాలి గదుల్లోకి వచ్చేది. పెంకుటిళ్ల కాలంలో మేస్త్రులకు చేతనైన పనిని మనమే మరిచిపోయామని ఆ రోజు గట్టిగా అనిపించింది.

అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది దిక్కులు. మన ప్రాంతంలో వేసవి మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు కాబట్టి దక్షిణం, ఉత్తరం కిటికీలకు రెండడుగుల సన్‌షేడ్ సరిపోతుంది. తూర్పు పడమరల సంగతి అలా కాదు. పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ ఏటవాలుగా, సన్‌షేడ్ కిందుగా దూరి వస్తాయి. మాది పడమర రోడ్డు. అందుకని మెట్లు, స్నానాల గది, సామాను గది పడమటి గోడ వైపు పెట్టించాం. ఆ మూడూ మండే ఎండను తాము భరించి, వెనకున్న పడక గదులను కాపాడుతున్నాయి. పదికి పది మార్కులు ఇవ్వాల్సింది ఏదైనా ఉంటే ఈ అమరికకే ఇస్తాను.

అయినా ఒక తప్పు చేశాం. వీధి కనబడాలని హాలుకు పడమట ఆరడుగుల కిటికీ పెట్టించుకున్నాం. ఏప్రిల్ వచ్చిందంటే సాయంత్రం నాలుగింటికి ఆ కిటికీ ముందు కూర్చోలేం. మందపాటి పరదాలు వేసి చూశాం. గాజు దాటి లోపలికి వచ్చేసిన వేడిని పరదా ఏం చేయగలదు? బయటి వైపు వెదురు తడిక దించడం మొదలుపెట్టాక తేడా తెలిసింది, ఎండ గాజును తాకకముందే ఆగిపోతుంది. తడిక రెండేళ్లకోసారి మార్చాలి. గృహప్రవేశం నాడే ఆ కిటికీ ఎదురుగా కానుగ మొక్క నాటాం. ఐదో ఏడు నుంచి దాని నీడ గోడ మీద పడుతోంది.

గోడల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ర్యాట్ ట్రాప్ బాండ్ అనే పద్ధతిలో కట్టించాం. ఇంగ్లండులో పుట్టి, 1945లో మన దేశానికి వచ్చి, తర్వాత కేరళలో స్థిరపడిన వాస్తుశిల్పి లారీ బేకర్ దీన్ని మన దగ్గర ప్రచారంలోకి తెచ్చారు. ఇందులో ఇటుకను పడుకోబెట్టరు, అంచు మీద నిలబెడతారు. తొమ్మిదంగుళాల గోడలో అటు మూడంగుళాల ఇటుక, ఇటు మూడంగుళాల ఇటుక, నడుమ మూడంగుళాల బోలు. అక్కడక్కడ అడ్డంగా పెట్టిన ఇటుక రెండు పొరలనూ కలిపి పట్టుకుంటుంది. బోలులో నిలిచిపోయిన గాలి వేడిని అంత తేలిగ్గా లోపలికి రానివ్వదు. మామూలు గోడతో పోలిస్తే ఇటుకలు సుమారు 25 శాతం తగ్గుతాయి, సిమెంటు కూడా తగ్గుతుంది. ఈ రెండో లాభం మన బిల్లులో పెద్దగా కనబడదు కానీ నా దృష్టిలో ఎక్కువ విలువైనది. ఇటుక బట్టీలో బొగ్గు కాలాలి. సిమెంటు కోసం సున్నపురాయిని కాలిస్తే ఇంధనం పొగే కాకుండా ఆ రాయిలోంచి కూడా కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది. ప్రపంచం మొత్తం కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో సిమెంటు వాటా 7 నుంచి 8 శాతం ఉంటుందని అంచనా. వాడని బస్తా పర్యావరణానికి చేసినంత మేలు ఏ పరికరమూ చేయలేదని నా నమ్మకం.

మా మేస్త్రి మొదట ససేమిరా అన్నాడు. "అమ్మా, ముప్పై ఏళ్లుగా కడుతున్నాను. బోలు గోడ కట్టి పేరు చెడగొట్టుకోలేను" అన్నాడు. నాలుగడుగుల నమూనా గోడ కట్టమని బతిమాలాం. కట్టి, వారం పాటు నీళ్లు కొట్టి, ఎనిమిదో రోజు తానే దాని మీదికెక్కి నిలబడ్డాడు. ఏమీ మాట్లాడకుండా దిగి, రెండు మూలలు చేత్తో తట్టి చూసి, "మూలల దగ్గర, కిటికీ పక్కలా నిండుగా కడదామమ్మా, మధ్యలో బోలు ఉంచుదాం" అన్నాడు. సరిగ్గా అలాగే కట్టాలి కూడా. ఇటుక మీద మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) వేసేటప్పుడు అది బోలులోకి జారిపడితే ప్రయోజనం పోతుంది. దానికీ ఆయనే ఉపాయం కనిపెట్టాడు. మూడంగుళాల చెక్క పట్టీని బోలు మీద అడ్డంగా పరిచి, మాలు వేశాక పట్టీ పైకి తీసి, మీద పడ్డ మాలును తిరిగి తట్టలోకి దులిపేవాడు. రోజుకు పదులసార్లు చేసిన ఆ పని వల్లే మా గోడలు ఇంత బాగా వచ్చాయి. పని మాత్రం నిదానంగా సాగింది. ఇటుకల్లో మిగిలింది చాలావరకు కూలీకే సరిపోయింది. గోడ ఖర్చు తగ్గుతుందని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను, పెరగలేదని మాత్రం చెప్పగలను.

ఇక ఇబ్బందులు. మేకు కొడితే బోలు తగిలి ఊడివస్తుంది. వంటింటి అరలు, గీజరు, టీవీ ఎక్కడ వస్తాయో కట్టేటప్పుడే చెప్పి, అక్కడ నిండు గోడ కట్టించుకోవాలి. మేము టీవీ సంగతి మరిచిపోయి తర్వాత గోడ తవ్వి కాంక్రీటు నింపించాం. బయటి వైపు ప్లాస్టరింగ్ చేయించలేదు, ఇటుకల సందులు మాత్రమే పూడ్చే పాయింటింగ్‌తో వదిలేశాం. చూడముచ్చటగా ఉంటుంది, రంగుల ఖర్చు లేదు. కానీ 2020 అక్టోబరులో నగరాన్ని ముంచెత్తిన వానలకు నైరుతి మూల గోడ లోపలి వైపు అరచేయంత మచ్చలతో చెమ్మ దిగింది. పాయింటింగ్ ఊడినచోట మళ్లీ చేయించి, ఇటుకలకు నీరు పీల్చని పూత వేయించాక మళ్లీ రాలేదు. వానజల్లు నేరుగా కొట్టే గోడకైనా ముందే ఈ పూత వేయించి ఉండాల్సింది.

ఒకే అంతస్తు ఇంట్లోకి వేడి ఎక్కువగా దిగేది స్లాబు నుంచి. ఇంతా చేసి మొదటి రెండు వేసవులు స్లాబును పట్టించుకోలేదు. రాత్రి పదింటికి కూడా ఫ్యాను కింద కూర్చుంటే వేడిగాలే వచ్చేది. స్టూలెక్కి సీలింగు మీద చెయ్యి ఆనిస్తే అట్లపెనం దించిన కాసేపటికి ఉండే సెగ తగిలేది. 2018 మార్చిలో సున్నం నానబెట్టి, జిగురు కలిపి, మూడు చేతులు పూయించాం. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి చెప్పులు విప్పి మీద నిలబడ్డాను. సున్నం పూసినచోట నిలబడగలిగాను. వాటర్ ట్యాంకు పక్కన పూయకుండా వదిలిన మూరెడు మేర మీద కాలు పెట్టి వెంటనే తీసేశాను. ఆ వేసవి ఇంట్లో వేడి రెండు మూడు డిగ్రీలు తగ్గింది. తక్కువ ఖర్చులో అంత మేలు చేసిన పని మరొకటి లేదు. లోపం ఒక్కటే, వానాకాలం వెళ్లేసరికి సున్నం కూడా వెళ్లిపోతుంది. 2020లో డబ్బాల్లో దొరికే కూల్ రూఫ్ పెయింట్ వేయించాం. రెండేళ్లు తెల్లగా ఉండి, ఆ తర్వాత దుమ్ము, పాచి పట్టి మాసిపోయింది. మాసిన తెలుపు ఎండను అంతగా వెనక్కి కొట్టదు. చివరికి 2022లో షాపుల్లో పగిలి మిగిలిపోయిన తెల్ల టైల్సు ముక్కలు తెచ్చి పరిపించాం. ఏడాదికి రెండుసార్లు చీపురుతో కడిగితే చాలు, మూడేళ్లయినా మెరుస్తున్నాయి. ఇల్లు కట్టేటప్పుడే ఈ పని చేసి ఉంటే మిగతా రెండు ఖర్చులూ ఉండేవి కావు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి, 600 గజాలు, ఆపైన స్థలాల్లో కట్టే ఇళ్లకు తప్పనిసరి చేసింది. నిజానికి చిన్న ఇళ్లలో, రేకుల కింద బతికేవాళ్లకే ఇది ఎక్కువ అవసరం. వాళ్ల కప్పుల మీద ప్రభుత్వమే పూత వేయించాలని నా కోరిక.

నేలకు తాండూరు బండలు వేశాం. గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీలో వచ్చే టైల్సు కన్నా, వంద కిలోమీటర్ల దూరంలో తవ్వి తీసిన రాయి నయమనిపించింది. మే నెలలో మా అత్తయ్య గారు మంచం వదిలి బండల మీదే చాప పరుచుకుంటారు. తాండూరు బండ సున్నపురాయి జాతి కనుక నిమ్మరసమో చింతపండు పులుసో పడి వెంటనే తుడవకపోతే తెల్లగా మచ్చ పడుతుంది. వంటింట్లో మాత్రం గ్రానైటే వేయించుకోండి.

నీళ్ల విషయానికొస్తే లెక్క చాలా సులువు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మా స్లాబు సుమారు 102 చదరపు మీటర్లు, ఇక్కడి వార్షిక వర్షపాతం 800 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. వృథా పోగా 65,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 13. మొదట్లో కొంత సంపులోకి, మిగిలింది ఇంకుడు గుంతలోకి పంపాం. మూడో ఏడు వానకు గుంత నిండి నీళ్లు రోజుల తరబడి నిలిచిపోయాయి. తవ్వి చూస్తే ఆకులు, మట్టి కలిసి కంకర మధ్య జిగటగా గట్టిపడ్డాయి. అప్పటి నుంచి ఏటా మే నెలలో పై కంకర తీసి కడుగుతున్నాం, మొదటి వాన నీటిని బయటికి వదిలేస్తున్నాం. మా బోరు ఒక్క 2019 వేసవిలోనే ఆగిపోయింది. మిగతా ఏళ్లు ఆగకపోవడం గుంత పుణ్యమే అని గట్టిగా చెప్పలేను, చుట్టుపక్కల ఇరవై ఇళ్లు తోడుతుంటే మా ఒక్క గుంత ఎంతని నింపుతుంది? వీధి వీధంతా కలిసి చేయాల్సిన పని ఇది.

స్నానాల నీరు మెట్టతామర, అరటి మడిలోకి వెళ్తుంది. మొదట వంటింటి నీళ్లు కూడా కలిపాం. ఆరు నెలల్లో జిడ్డు పేరుకుని గొట్టం పూడిపోయింది, పెరడంతా కంపు కొట్టింది. వాటిని విడదీశాక ఏ ఇబ్బందీ లేదు.

కరెంటు దగ్గర ముందు వాడకం తగ్గించుకుని ఆ తర్వాత సోలార్ పెట్టుకోవాలి. పాత ఫ్యాను 75 వాట్లు తింటుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు. ఐదు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు దాదాపు 80 యూనిట్లు మిగులుతాయి. వోల్టేజీ ఎక్కువ తక్కువలకు మా ఐదింటిలో రెండింటి సర్క్యూట్ బోర్డులు కాలిపోయాయి, వారంటీ కాగితం దాచుకోండి. 2019లో 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. కిలోవాటుకు రోజుకు సగటున 4 యూనిట్ల దాకా వస్తుంది, జులై, ఆగస్టుల్లో బాగా పడిపోతుంది. మనం వాడగా మిగిలి లైన్లోకి వెళ్లే కరెంటును లెక్కగట్టే నెట్ మీటరు కోసం మాత్రం నాలుగు నెలలు కార్యాలయం చుట్టూ తిరిగాం, ఆ నాలుగు నెలలూ మిగిలిన కరెంటుకు లెక్కే లేకుండా పోయింది. 2022లో తూర్పున నాలుగంతస్తుల ఇల్లు లేచింది. చలికాలం పొద్దున రెండు ఫలకాల మీద నీడ పడితే వరసలో ఉన్న మిగతావి కూడా కుంటుపడ్డాయి, ఆ రెండింటినీ జరిపించాల్సి వచ్చింది. పక్క స్థలం ఖాళీగా ఉంటే రేపు అక్కడ ఏం లేస్తుందో ఊహించి ఫలకాలు బిగించుకోండి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఉంది కాబట్టి ఇప్పుడు పెట్టుకునేవాళ్లకు భారం తగ్గింది.

మా ఇంట్లో ఏసీ ఉంది. మే చివరి వారాల్లో, ఉక్కపోసే జూన్ రాత్రుల్లో ఒక గదిలో వేస్తాం. బయట 42 డిగ్రీలున్న మధ్యాహ్నం హాల్లో 34, 35 ఉంటుంది, ఫ్యానుతో గడిచిపోతుంది. రాత్రి కిటికీలు తెరిచి, పొద్దున ఎనిమిదింటికల్లా మూసేయాలి. ఈ అలవాటు లేకపోతే బోలు గోడ కూడా పనిచేయదు. హరిత భవనం గుర్తింపు పత్రానికి మేము దరఖాస్తు చేయలేదు. నలువైపులా గాజు తొడిగి, పగలంతా ఏసీలు నడిపే కార్యాలయాల ముందు ఆ గుర్తింపు బోర్డులు చూసినప్పుడల్లా బాధేస్తుంది.

వచ్చే ఏడు ఆ పడమటి కిటికీని సగానికి తగ్గించి, మిగతా సగంలో జాలీ కట్టించాలనుకుంటున్నాం. మేస్త్రికి వయసైంది, వాళ్లబ్బాయి కడతానన్నాడు. కొలతలు తీసుకోవడానికి మొన్న ఆదివారం ఇద్దరూ వచ్చారు. కుర్రవాడు టేపు పట్టి కొలుస్తుంటే ఆయన కానుగ నీడలో నిలబడి, చెక్క పట్టీ ఎలా పెట్టాలో గాలిలో చేత్తో చూపిస్తున్నాడు.