స్టీలు ప్లేటా, టైటానియం ప్లేటా? అమ్మ మణికట్టు చెప్పిన సంగతి

అమ్మ బాత్రూంలో జారిపడి మణికట్టు విరిగింది. గుంటూరు కొత్తపేటలో చూపిస్తే ప్లేటు వేయాలన్నారు. స్టీలైతే ఖర్చు తక్కువ, టైటానియమైతే ఎక్కువ. మా టెన్షన్ డబ్బు గురించి కాదు. రోల్డుగోల్డు దిద్దులు పెడితే రెండో రోజుకే అమ్మ చెవి తమ్మెలు ఎర్రబడి రసి కారతాయి. వాచీ వెనక మూత ఆనినచోట రూపాయి బిళ్లంత నల్లమచ్చ. నికెల్ అనే లోహం పడని వాళ్లకు ఇలాగే అవుతుంది.

ఎముకలకు వాడే 316ఎల్ స్టీలులో నికెల్ 13 నుంచి 15 శాతం ఉంటుంది. వినగానే గుండె గుభేలుమంది. కానీ పైనున్న క్రోమియం ఆక్సైడ్ పొర వల్ల బయటికొచ్చే నికెల్ చాలా తక్కువ. చర్మానికి నికెల్ పడని వాళ్లలో కూడా చాలామందికి లోపలి ప్లేటుతో ఏ ఇబ్బందీ రాదు. ఈ మాట ఎవరూ చెప్పక జనం అనవసరంగా భయపడుతున్నారు.

టైటానియంలో నికెల్ దాదాపు ఉండదు. ఎక్కువగా వాడే రకంలో 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలుస్తాయి. తర్వాతెప్పుడైనా ఎం.ఆర్.ఐ. తీస్తే బొమ్మ స్టీలు కంటే మెరుగ్గా వస్తుంది. ప్లేటు తీయాల్సి వస్తే మాత్రం స్క్రూలు ఒక్కోసారి పట్టేసి సతాయిస్తాయి.

ఏ లోహం పడదో చర్మం మీద చూసే ప్యాచ్ టెస్టుకు వీపు మీద పట్టీలు 48 గంటలు ఉంచి, ఆ తర్వాత ఇంకో రోజో రెండ్రోజులో ఆగి మళ్లీ చూస్తారు. మోకీలు మార్పిడికైతే అంత వ్యవధి ఉంటుంది, అడిగి చేయించుకోండి. మేం ఆగలేకపోయాం. చెవుల చరిత్ర చూసి టైటానియమే అన్నాను. ఆ చరిత్ర లేకపోతే స్టీలే వేయించేదాన్ని.

అలర్జీ గురించి అక్కడ ఎవరూ అడగలేదు. అమ్మే దిద్దు తీసి తమ్మె చూపించింది.