బుడమేరు వరదకూ నిలిచిన టేకు పెన్ స్టాండ్: నాలుగో ఏట నా అనుభవం

ఏలూరు రోడ్డులోని ప్రచురణకర్తలకు ముఖచిత్రాలు, లోపలి బొమ్మలు వేయడం నా వృత్తి. విజయవాడ సింగ్ నగర్‌లోని మా ఇంటి ముందుగదిలో, కిటికీ పక్కన వేసుకున్న నాలుగడుగుల బల్ల మీద 2022 మార్చి నుంచి పెన్నులు, పెన్సిళ్లు పెట్టుకునే ఒక టేకు డెస్క్ ఆర్గనైజర్‌ను వాడుతున్నాను. కొన్న వారానికే రాసిన మెచ్చుకోళ్లను చూసి ఇలాంటి వస్తువును ఎంచుకోవడం కష్టం. మన ఊరి మే నెల ఎండనూ, దాని వెనకే వచ్చే వానాకాలపు చెమ్మనూ రెండు మూడుసార్లు చూస్తే గాని కలప గుణం బయటపడదు. నాది వరదను కూడా చూసింది.

దీనికి రూ.2,800 పెట్టాను. పొడవు 30 సెంటీమీటర్లు, వెడల్పు 16. మెట్ల మాదిరిగా మూడు వరుసల గదులు, వాటి కింద పల్చటి సొరుగు ఉన్నాయి. ముందు వరుస గదుల లోతు 4 సెంటీమీటర్లే కాగా, వెనక వరుసది 11. నా దృష్టిలో దీని అసలు గొప్పతనం ఈ తేడాలోనే ఉంది. కొత్త పెన్సిల్ 17 సెంటీమీటర్లకు పైగా ఉంటుంది కనుక ఏ గ్లాసులో వేసినా నిలబడుతుంది. కానీ బొమ్మలు వేసేవారి దగ్గర కొత్తవాటి కంటే చెక్కి చెక్కి వేలెడంత మిగిలిన పెన్సిళ్లే ఎక్కువ. పూర్వం వాడిన గుండ్రటి స్టాండులో అవి అడుగుకు జారిపోయేవి, ఒక్క 4బీ ముక్క కోసం మొత్తం బల్ల మీద గుమ్మరించాల్సి వచ్చేది. ఇప్పుడు ముందు వరుసలో ములుకు గట్టిదనం తగ్గే కొద్దీ హెచ్‌బీ, 2బీ, 4బీ, 6బీ అనే క్రమంలో పొట్టి పెన్సిళ్లు తలలు బయటపెట్టి నిలబడి ఉంటాయి. నీడలు దిద్దేటప్పుడు కాగితం మీది చూపు తిప్పకుండానే చెయ్యి మూడో గదిని వెతుక్కుంటూ వెళ్తుంది. జనవరిలో జరిగే పుస్తక మహోత్సవానికి ముందు, అందరి పుస్తకాలూ ఒకేసారి మీద పడే రోజుల్లో ఈ సదుపాయం విలువ నాకు బాగా తెలిసింది.

వెనక వరుసలో బ్రష్షులు, స్టీలు స్కేలు, కట్టర్ ఉంటాయి. కడిగిన బ్రష్షును తడిగా ఉండగానే నిలబెడితే నీరు కుచ్చు మొదట్లోని రేకు పట్టీలోకి దిగి లోపలి జిగురును వదులు చేస్తుంది. అందువల్ల వాటిని పడుకోబెట్టి ఆరనిచ్చాకే ఇందులో పెడతాను.

సొరుగుకు వార్నిష్ లేకపోవడం మొదట లోపమనుకున్నాను, తర్వాత అదే మేలైంది. అంతకు ముందు నా దగ్గరున్న ప్లాస్టిక్ ట్రేలో తెల్ల రబ్బరును కాగితపు తొడుగు తీసేసి వదిలేస్తే, రెండు నెలల్లో అది ట్రేకు అతుక్కుపోయి, ఊడదీసిన చోట గుంట మిగిలింది. ఆ రబ్బర్లు పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేసినవి. వాటిని మెత్తగా ఉంచడానికి కలిపే పదార్థం మెల్లగా బయటికి ఊరి, తాకిన ప్లాస్టిక్‌నూ వార్నిష్‌నూ మెత్తబరుస్తుంది. ఈ సొరుగులో ఇన్నేళ్లలో ఒక్క మచ్చ కూడా పడలేదు.

లోపాలు లేవని చెప్పను. అడుగున అంటించిన ఫెల్టు గుడ్డ మొదటి వేసవిలోనే జిగురు కరిగి ఒక మూల లేచింది. కలప పొడవు వైపు కంటే అడ్డంగా ఎక్కువ ఉబ్బుతుంది కనుక జులై నుంచి అక్టోబరు దాకా సొరుగు బిగుసుకుంటుంది. కొవ్వొత్తి ముక్కతో అంచులు రుద్దితే కదులుతుంది. గదుల అడుగున చేరే పెన్సిల్ పొడిని తీయడానికి దారి లేదు. అన్నిటికంటే నన్ను బాధించింది, నాన్నగారు ఇచ్చిన రత్నం పెన్ను ఏ గదిలోనూ పట్టకపోవడం. 1932 నుంచి రాజమహేంద్రవరంలో తయారవుతున్న ఆ పెన్నుల్లో లావుపాటివి ఉంటాయని ఈ వస్తువును రూపొందించినవారు ఆలోచించలేదు. నాది ఎబొనైట్ అనే గట్టిపరిచిన రబ్బరుతో చేసిన పెన్ను, వెలుతురులో రంగు మారుతుంది కాబట్టి కిటికీ పక్కన బయట ఉంచలేక సొరుగులో పడుకోబెడుతున్నాను.

2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు బుడమేరు వాగు నీళ్లు మా వీధిలోకి వచ్చాయి. మేము పై అంతస్తుకు వెళ్లగలిగాం గాని బల్ల మునిగింది. నీళ్లు తగ్గాక దిగివచ్చేసరికి, అదే బల్ల కింద ఉండిన, ఆన్‌లైన్‌లో కొన్న ఎం.డి.ఎఫ్. సొరుగుల పెట్టె తడిసిన అట్టలా పొరలు విచ్చుకుపోయి ఉంది. చెక్కపీచును జిగురుతో ఒత్తి చేసే ఆ పలక ఒకసారి నీరు తాగి ఉబ్బితే ఆరినా మళ్లీ యథాస్థితికి రాదు. పెన్సిళ్లు కూడా కొన్ని నిలువునా రెండు బద్దలుగా విడిపోయాయి. గాడి తీసిన రెండు చెక్కబద్దల మధ్య ములుకు పెట్టి అతికించి పెన్సిల్ చేస్తారని అంతకు ముందు చదివాను గాని, ఆ అతుకును కళ్లతో చూడడం అదే మొదటిసారి.

టేకు స్టాండును బురద కడిగి డాబా మీద పెట్టబోతుంటే, తలుపులు బాగు చేయడానికి వచ్చిన వడ్రంగి ఆపాడు. "ఎండలో పెట్టకండమ్మా, పగులుద్ది. నీడన గాలి తగిలేట్టు ఉంచండి, రోజూ పక్క మార్చండి" అన్నాడు. అలాగే పద్దెనిమిది రోజులు ఆరబెట్టాను. ఫెల్టు పోయింది, రంగు కాస్త నల్లబడింది, ఒక మూల అతుకు దారమంత తెరుచుకుంది. మూలలను మేకులతో కాకుండా పలకల చివర్లను పళ్లలా కోసి, ఒకదాని సందుల్లో ఒకటి దిగేలా బిగించారు కాబట్టి అది అంతకు మించి విడలేదు. ఈ రోజుకీ ఊగదు.

దీనికి జతగా కొన్న స్టీలు ట్రేల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. అవి 210×297 మిల్లీమీటర్ల ఏ4 కాగితానికి చేసినవి. నేను ముఖచిత్రం, వీపు, వెనక అట్ట కలిపి దానికి రెట్టింపుండే ఒకే ఏ3 కాగితం మీద వేస్తాను, మడవకుండా అది ట్రేలో పట్టదు. పెయింటు లేచిన అంచులన్నీ వరద తర్వాత తుప్పు పట్టాయి. బిల్లులు దాచుకునేవారికి పనికొస్తాయి గాని, బొమ్మలు వేసేవారికి వాటిని సిఫారసు చేయను.

స్టాండును మాత్రం తప్పక కొనమంటాను. మా చెల్లెలు కూడా అక్షరాలు రాసే పని మొదలుపెట్టినందువల్ల ఇలాంటిదే ఇంకొకటి అవసరమై, ఈసారి ఆ వడ్రంగికే కొలతలు ఇచ్చాను. ముందు వరుస లోతు అలాగే ఉంచమన్నాను, సొరుగు ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) వదులుగా చేయమన్నాను, పొడి దులపడానికి గదుల అడుగు పలకను ఊడి వచ్చేలా పెట్టమన్నాను. వెనక వరుసలో ఒక గది వెడల్పు కోసం రత్నం పెన్నును ఆయన చేతికే ఇచ్చి కొలవమన్నాను.