మా అమ్మాయి బడిలో కౌమార దశ తరగతులు: ఒక తల్లి అభిప్రాయం

హనుమకొండ శివారులోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో, నిరుడు మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతున్నప్పుడు, మూడు శనివారాలు కౌమార దశపై ప్రత్యేక తరగతులు జరిపారు. రెండింటికి తల్లులనూ పిలిచారు కనుక, స్వయంగా కూర్చుని విన్న సంగతులే రాస్తున్నాను.

జీవశాస్త్రం టీచరు, ఆరోగ్య కేంద్రం నుంచి వచ్చిన ఏఎన్ఎం (నర్సు) కలిసి పాఠం చెప్పారు. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి హార్మోన్ల ప్రభావంతో శరీరం ఎలా మారుతుందో బోర్డు మీద బొమ్మ గీసి వివరించారు. ముట్టు మొదలైన తొలి రెండేళ్లలో నెలనెలా సరిగా రాకపోవడం సహజమేనని, బడిలో వారానికొకసారి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్ర రక్తహీనత రాకుండా కాపాడుతుందని చెప్పారు. నేను పెద్దమనిషినైనప్పుడు చాప వేసి మూలకు కూర్చోబెట్టారే తప్ప ఒక్క ముక్క చెప్పినవారు లేరు; ఏదో జబ్బు చేసిందనుకుని రెండు రోజులు ఏడ్చాను.

అన్నిటికంటే నాకు నచ్చింది ప్రశ్నల పెట్టె. పేరు రాయకుండా వేసిన చీటీల్లో ఒకటి, ముట్టులో ఉండి పచ్చడి జాడీ తాకితే బూజు పడుతుందా అని అడిగింది. తడి గరిటె పెడితే పడుతుంది గాని తాకితే పడదని ఏఎన్ఎం చెప్పినప్పుడు పిల్లలే కాదు, తల్లులమూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

పెద్ద లోపం ఏమిటంటే, ఆ మూడు రోజులూ మగపిల్లలను మైదానానికి పంపేశారు. గొంతు మారడం, మొటిమలు రావడం వారికీ ఉంటాయి. తోటి ఆడపిల్ల బట్టలకు మరక కనిపిస్తే నవ్వకూడదని తెలియాల్సింది ముందు వారికే. పైగా ఆరు, ఏడు తరగతుల్లోనే చాలామంది పెద్దమనిషి అవుతున్నప్పుడు ఎనిమిదిలో మొదలుపెట్టడం ఆలస్యమే. పదో ఏటి నుంచే కౌమార దశ మొదలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

2020లో ఆయుష్మాన్ భారత్ కింద మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం, బడికి ఇద్దరు ఉపాధ్యాయులకు ఈ బోధనలో శిక్షణ ఇవ్వాలంటోంది. అయినా టైంటేబుల్‌లో తప్పనిసరి పీరియడ్ లేనంత కాలం ఇదంతా ఒక మనిషి శ్రద్ధ మీదే నిలుస్తుంది. ఈ ఏడు ఏడో తరగతికి వచ్చిన మా బాబు గురించి అడగడానికి వెళితే, ఆ టీచరు బదిలీ అయ్యారని, తరగతులు లేవని చెప్పారు. మళ్లీ మొదలుపెట్టాలని, ఈసారి మగపిల్లలనూ కూర్చోబెట్టాలని ప్రధానోపాధ్యాయులకు దరఖాస్తు రాసిచ్చి వచ్చాను; మరో పదకొండు మంది తల్లులు దానిపై సంతకాలు చేశారు.